జత బ్యాటరీల లెక్క

దాళ్వా కోతలు మొదలైతే నిడదవోలు చుట్టుపక్కల లారీలకు తీరిక ఉండదు. కళ్లాల నుంచి ధాన్యం మిల్లులకు వెళ్లాలి, మిల్లుల నుంచి బియ్యం బయటి ఊళ్లకు వెళ్లాలి. అలాంటి రోజున తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే బండి ‘టక్’మని ఆగిపోయిందంటే ఆ పూట కిరాయి పోయినట్టే. మిల్లు దగ్గర వరస తప్పుతుంది, హమాలీలు వేరే బండి చూసుకుంటారు. అందుకే లారీ బ్యాటరీ ఎంత పెట్టి కొన్నాం అన్నదానికన్నా, ఎన్ని నెలలు నమ్మకంగా పనిచేసింది అన్నదే యజమానికి అసలు లెక్క.

ఈ వ్యాసకర్త కుటుంబానికి ఒక లారీ ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. బ్యాటరీ ఖర్చు మీద వాళ్లు తీసుకున్న నిర్ణయాల్లో బాగా కలిసొచ్చినది కొత్త బ్యాటరీ కొనకముందే జరిగింది.

పెద్ద లారీలు నడిచేది 24 వోల్టుల మీద. 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో కలుపుతారు. ఒక్కోదాంట్లో ఆరు సెల్స్, పూర్తి చార్జింగ్‌లో ఉంటే ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపించాలి. ఈ లారీలో మాత్రం ప్రతిసారీ ఒకవైపు బ్యాటరీయే ముందు పోయేది. ఎలక్ట్రీషియన్ పెట్టె మూత తీసి, రెండు బ్యాటరీల మధ్య టెర్మినల్‌కి చుట్టిన ఒక సన్నటి ఎర్ర వైరు చూపించాడు. క్యాబిన్‌లో పాటల డెక్కు, మొబైల్ చార్జరు 12 వోల్టులవి. వాటికి కరెంటు ఒక్క బ్యాటరీ నుంచే లాగారు. “ఒకదాన్ని పస్తు పెట్టి, రెండోదానికి అజీర్తి చేయిస్తన్నారండి బాబుగారూ. ముందు ఈ వైరు తీసెయ్యండి” అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజం. డైనమో రెండింటినీ కలిపి ఒకటే అనుకుని చార్జ్ చేస్తుంది. ఒకటి ఎప్పుడూ సగం ఖాళీగా ఉంటే దాని ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. రెండోదానికి చార్జింగ్ ఎక్కువై నీళ్లు మరిగిపోతాయి. పాతదాని పక్కన కొత్తది ఒక్కటే పెట్టినా జరిగేది ఇదే. అందుకే రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఆంపియర్-అవర్లవి, ఒకే వయసువి ఉండాలి. ఆ ఎర్ర వైరు తీసేసి, డెక్కుకీ చార్జరుకీ 24ని 12 చేసే చిన్న కన్వర్టరు వేయించడానికి అయిన ఖర్చు ఒక బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు. బండి స్టార్ట్‌లో ఉండగా డైనమో వోల్టేజీ కూడా చూపించుకున్నారు. అది 27.5, 28.5 మధ్య ఉంటే ఆరోగ్యం. 29 దాటుతుంటే ఎంత మంచి బ్యాటరీ పెట్టినా ఉడికిపోతుంది.

ఇక మన ఎండలు. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల అంచనా. రోహిణి కార్తెలో ఇంజన్ వేడికి తోడు రోడ్డు వేడి కూడా ఆ పెట్టెకే తగులుతుంది. అప్పుడు దెబ్బతిన్న ప్లేట్ల సంగతి చాలాసార్లు చలికాలంలో బయటపడుతుంది. నీళ్లు చూసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. తాగే నీళ్ల క్యాన్‌లోంచి పోసేస్తుంటారు చాలామంది. తాగడానికి పనికొచ్చే ఆ లవణాలే బ్యాటరీకి పడవు.

సార్వాకీ దాళ్వాకీ మధ్య బండి నిలబడిపోయే రోజులు కూడా ఖర్చే. జీపీఎస్ లాంటివి 50 మిల్లీఆంపియర్లు లాగుతున్నాయనుకోండి. రోజుకి 1.2 ఆంపియర్-అవర్లు, నెలకి 36. అంటే 130 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పావు వంతుకు పైనే. కటాఫ్ స్విచ్ ఉంటే ఇది ఆగిపోతుంది.

కొనేటప్పుడు పేరు మీదే చర్చంతా నడుస్తుంది. కలకత్తాలో 1947లో పుట్టిన కంపెనీ నేటి ఎక్సైడ్. అమరాన్ మన రాష్ట్రానిది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో తిరుపతి కేంద్రంగా పెట్టిన అమరరాజా, అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపి 2000లో ఆ బ్రాండును బజారులోకి తెచ్చింది. రెండూ నమ్మదగ్గవే. వ్యాసకర్త కుటుంబం మాత్రం పేరు కన్నా రెండు విషయాలు ముందు చూసింది: తయారైన నెల, సర్వీసు ఎంత దూరంలో ఉంది. షాపు అరలో ఊరికే ఉన్నా బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. మూడు నెలలు దాటిన సరుకు వద్దన్నారు. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే ఎక్కువకాలం వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు గానీ, అది మెల్లగా కరెంటు ఇవ్వడానికి చేసింది. సెల్ఫ్ మోటారుకి ఒక్కసారిగా వందల ఆంపియర్లు కావాలి.

వారంటీ దగ్గరే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. కార్డు మీద 42 నెలలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అందులో 24 నెలలు ఊరికే మార్చిస్తారు, మిగతా 18 ప్రోరేటా అనుకుందాం. ప్రోరేటా అంటే కొత్తది డిస్కౌంటు మీద మళ్లీ కొనుక్కోవడమే. ఆ డిస్కౌంటు మామూలుగా ఎమ్మార్పీ మీద కడతారు. ఎమ్మార్పీ 16,000, షాపు ధర 13,500 అనుకోండి. 20 శాతం పోగా 12,800 కట్టాలి, మిగిలేది 700. పైగా పాత బ్యాటరీ కంపెనీకి అప్పజెప్పాలి. అదే పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో వేస్తే, బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి, ఆ 700 కన్నా ఎక్కువే వస్తుంది. అందుకని ఊరికే మార్చిచ్చే నెలలతోనే ధరను భాగించాలి. 12,000కి 18 నెలలిచ్చేది నెలకి 667 పడితే, 13,500కి 24 నెలలిచ్చేది 563 పడుతుంది. వాళ్లు ఖరీదైనదే తీసుకున్నారు.

బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. బిల్లు లేకపోతే వారంటీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సీసపు బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, పన్ను ఎగ్గొడితే మిగిలేది కూడా ఇప్పుడు తక్కువే. పాత బ్యాటరీని తూకానికి తిరిగేవాళ్లకి కాకుండా షాపుకే ఇవ్వడం మరీ ముఖ్యం. పెరట్లో పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, ఆ యాసిడ్ పోయేది మన కాలవల్లోకి, మన పిల్లల ఒంట్లోకి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో డీజిల్ పుస్తకంలో బ్యాటరీకి ఒక గడి ఉంది. జతకి నెలకి 1,126 చొప్పున కిరాయి డబ్బులోంచి పక్కన పెడతారు. ఉచితంగా మార్చే గడువు ముగిసే నెల ముందు రెండు బ్యాటరీలనూ లోడ్ టెస్టు చేయిస్తారు. ఏ సెల్ అయినా బలహీనంగా తేలితే గడువులోనే వెళ్లి అడగవచ్చు. రెండూ గట్టిగా ఉంటే బండి అలాగే నడుస్తుంది, పక్కన పెట్టే డబ్బు మాత్రం ఆగదు. జతలో ఒకటి పోయి రెండోది బతికున్నప్పుడు, ఆ మిగిలినదాన్ని 12 వోల్టుల జనరేటర్‌కి వాడుకుని లారీకి కొత్త జత వేస్తారు.