నలుగురూ చదివితే...

బల్ల చుట్టూ నలుగురు. ఒకరు చదివి వివరిస్తుంటారు. మరొకరు వింటూ కుర్చీలో ఇబ్బందిగా కదులుతుంటారు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ రాసింది ఆయనే మరి! రోజుల తరబడి కష్టపడి రాసినదాంట్లో తప్పులు వెదకడానికే మిగతా ముగ్గురూ వచ్చారు.

కోడ్ ఇన్‌స్పెక్షన్ అనే ఈ పద్ధతికి ఓ రూపమిచ్చింది ఐబీఎంలో పనిచేసిన మైఖేల్ ఫాగన్. 1976లో దానిమీద వ్యాసం రాశాడు. కోడ్‌ని రాసినవాళ్లు కాక వేరొకరు తమ మాటల్లో వివరించడం చాలాచోట్ల ఆనవాయితీ. రాసినవాళ్లకి తాము రాయాలనుకున్నదే కనిపిస్తుంది. పక్కవాళ్లకి రాసింది కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ సరిచూసి అచ్చు వేయించిన శుభలేఖలో తప్పు, అందుకున్న చుట్టాల కంట్లోనే ముందు పడటంలేదూ!

మరి ఖర్చో? ఒక్కో సమావేశం రెండు గంటలు దాటకూడదు. ఆ తరవాత కళ్లు చూస్తాయిగానీ బుర్రకెక్కదు. గంటకు 125 వరుసల చొప్పున చదివినా వెయ్యి వరుసలకు ఎనిమిది గంటలు. నలుగురివీ కలిపితే 32 పనిగంటలు. ముందుగా ఎవరికి వారు చదువుకొచ్చే సమయం దీనికి అదనం. గడువు తరుముకొస్తుంటే ఏ మేనేజరైనా మొదట కోత పెట్టేది ఇక్కడే. కానీ తప్పుని మొదట్లోనే పట్టి సరిదిద్దితే, చివర్లో దిద్దడానికయ్యే ఖర్చులో పదోవంతు నుంచి వందోవంతే అవుతుందన్నది ఫాగన్ లెక్క.

అన్నిటికన్నా సున్నితమైన విషయం ఇంకోటుంది. ఇందులో దొరికిన తప్పులతో ఉద్యోగుల పనితీరుకు మార్కులు వేయొద్దని ఆయన హెచ్చరించాడు. పక్క సీటు మిత్రుడి జీతం పెంపు ఆ చిట్టామీదే ఆధారపడిందని తెలిస్తే, ఎవరుమాత్రం నోరు విప్పుతారు?

2014 ఫిబ్రవరిలో యాపిల్ సరిదిద్దిన లోపాన్నే చూడండి. ఒకే వరుస రెండుసార్లు పడింది, అంతే! దాంతో ఐఫోన్లలో సురక్షితమైన వెబ్‌సైట్‌ని నిర్ధరించుకునే కీలకమైన తనిఖీ జరగకుండానే దాటిపోయింది. నెమ్మదిగా చదివితే కనబడే తప్పది.

అలాగని చదివినంత మాత్రాన దొరుకుతుందనీ లేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ సంగతి వేరు. ఎన్నో వెబ్‌సైట్లు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో, అవతలివాళ్లు చెప్పిన పొడవు నిజమో కాదో చూసుకునే తనిఖీ లేదు. రాసినాయన కాక మరొకరు చదివి, సరేనన్న తరవాతే అది అందులోకి చేరింది. రెండేళ్లకుపైగా అక్కడే ఉంది.