ఆవరణము ఎందాక?

ఆదివారము, బ్రాహ్మీముహూర్తము. తుర్కపల్లి ఊరి చివర, రాజీవ్ రహదారికి చేరే దారిలో, ఒక పికప్ వాహనము డాలా దించి నిలిచి ఉన్నది. వారములో ఆరు దినములు ఆ బండిలో కూరగాయలు బోయినపల్లి మార్కెట్టుకు వెళతాయి. ఏడవ దినమున సైకిళ్ళు ఎక్కుతాయి. బండి యజమానియే చోదకుడు, వయస్సు నలభై దాటినది. సైకిళ్ళు జీనోమ్ వ్యాలీ పరిశోధనాలయములలో ఉద్యోగము చేసే ఆరుగురివి. కోవాక్సిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ ఉన్నది కూడా ఈ పరిసరములలోనే. వారమంతా గాజుగదులలో సూక్ష్మజీవులతో గడిపే ఆ ఆరుగురు, సెలవు దినమున రెండు గంటలు ఆరుబయట తొక్కి రావలెనని కోరుకుంటారు.

వాహనమును మరొక వాహనములో మోసుకొనిపోవడము ఎందుకని చూసినవారు నవ్వుతారు. కారణము ఉన్నది. రాజీవ్ రహదారిపై తెల్లవారక ముందే లారీల రాకపోకలు మొదలవుతాయి, అక్కడ సైకిలు నడపడము సాహసము. నగరము చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఉన్నది, దాని ప్రధానమార్గముపైకి ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు. అదే వలయము పడమటి దిక్కున, కొల్లూరు నుండి నార్సింగి వరకు ఒక శాఖగా, నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వరకు మరొక శాఖగా, మొత్తము 23 కిలోమీటర్ల సైకిలు మార్గము 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది. దానికి సౌరఫలకముల పైకప్పు ఉన్నది. తుర్కపల్లి వారు అక్కడికి చేరవలెనంటే శామీర్‌పేట వద్ద వలయమెక్కి, మేడ్చల్, దుండిగల్, పటాన్‌చెరు దాటి కొల్లూరులో దిగవలెను. అంతదూరము సైకిలు బండిలో కూర్చుని ప్రయాణము చేస్తుంది.

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునికి రథకల్పన ఉపదేశిస్తాడు. శరీరము రథము, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెము, ఇంద్రియములు గుర్రములు. అక్కడ రథము రథికుని గమ్యమునకు చేరుస్తుంది. ఇక్కడ ఒక రథము మరొక రథమును మోస్తున్నది. ఆలోచిస్తే గురువు, శాస్త్రము, ఆచారము చేసే పని కూడా ఇటువంటిదే. తనంతట తాను నడవగలిగిన దానిని, అది స్వేచ్ఛగా నడవగలిగిన చోటికి జాగ్రత్తగా చేర్చి, అక్కడ దింపుతాయి. మోయడము ఎంత ముఖ్యమో, దింపడము అంత ముఖ్యము.

మోయడములో ఆ చోదకుడు నిపుణుడు. బండి వెనుక భాగము వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు. పెద్దవారి సైకిలు పొడవు అంతకన్న కొంచెము ఎక్కువ. ముందుచక్రము తీసివేస్తే సైకిలు అడ్డముగా సరిపోతుంది. ఒకదాని హ్యాండిల్ ఎడమకు, తరువాతిదాని హ్యాండిల్ కుడికి పెడితే ఒకటి మరొకదానితో పెనుగులాడదు. డిస్క్ బ్రేకులున్న సైకిలు చక్రము తీసిన వెంటనే బ్రేకు బిళ్ళల నడుమ మడిచిన అట్టముక్క ఉంచవలెను. లేకపోతే దారిలో మీట నొక్కుకొని బిళ్ళలు దగ్గరపడి, తిరిగి చక్రము ఎక్కదు. పడుకోబెట్టవలసి వస్తే గొలుసు, గేర్లు ఉన్న కుడిపక్క పైకి ఉండవలెను. చట్రము చట్రము నడుమ పాత దుప్పటి తప్పనిసరి. ఇవన్నీ అతనికి ఎవరూ గ్రంథము తెరచి చెప్పలేదు. ఒక్కొక్క నియమము ఒక్కొక్క నష్టము నేర్పినది.

అందరికన్న పెద్ద పాఠము నేర్పినది తాడిపత్రి. ఒక వర్షాకాలములో దుండిగల్ దాటిన తరువాత ముందువైపు తాడు సడలినది. వేగమునకు గాలి లోపల దూరి, తాడిపత్రి ఉబ్బుతూ పడిపోతూ, కొల్లూరు వరకు కొట్టుకుంటూనే ఉన్నది. విప్పి చూస్తే ఒక సైకిలుకు అరచేతి వెడల్పున రంగు లేచిపోయి లోహము కనబడుతున్నది. తాడిపత్రి లోపలి ముఖమున పేరుకున్న కూరగాయల మట్టి ఉప్పుకాగితము వలె పనిచేసినది. రక్షించడానికి కప్పినదే గీచినది. కప్పకుండా తెచ్చి ఉంటే కొంత దుమ్ము పడేది, తుడిస్తే పోయేది.

అజ్ఞానమునకు రెండు శక్తులు ఉన్నాయని వేదాంతము చెబుతుంది. మసకచీకటిలో త్రాడును కనబడనీయకుండా చేసేది ఆవరణశక్తి. అదే చోట పామును చూపి గుండె కొట్టుకొనేటట్లు చేసేది విక్షేపశక్తి. తాడిపత్రి కప్పి ఊరుకున్నంతసేపు ఆవరణము మాత్రమే. సడలి ఊగిసలాడడము మొదలుపెట్టగానే విక్షేపము. ఆనాటి నుండి అతడు ప్రతి ఆదివారము తాడిపత్రిని నేలపై పరచి, లోపలి ముఖమును తడిగుడ్డతో తుడిచి, ముందు అంచును రెండు మడతలు వేసి, కొక్కెము కొక్కెమునకు తాడు బిగించి, వలయమెక్కే ముందు ఒకసారి దిగి మరల చూసుకుంటాడు. అటుపైన ఒక్క సైకిలుకు గీత పడలేదు.

ఇంత నిపుణుడైన అతని ఇంటి కొట్టములో ఒక సైకిలు మూడు సంవత్సరములుగా గోనెపట్టా కింద ఉన్నది. అది అతని తండ్రి అట్లాస్ సైకిలు. ఆ రహదారిని అందరూ కరీంనగర్ రోడ్డని పిలిచిన కాలములో, తండ్రి దానికి రెండు పాలక్యానులు కట్టుకొని తుంకుంట, హకీంపేట మీదుగా అల్వాల్ వరకు తొక్కి, ఇంటింటికీ పాలు పోసి, ఎండెక్కక ముందే తిరిగి వచ్చేవాడు. ఆ పాలడబ్బుతోనే కొడుకు చదివినాడు, మొదటి బండికి ముందుసొమ్ము కట్టినాడు. ఆ సైకిళ్ళు తయారుచేసిన సాహిబాబాద్ కర్మాగారములో 2020 జూన్ 3న ఉత్పత్తి ఆగిపోయినది. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవము కూడా సరిగా ఆ తేదీయే.

మూడు సంవత్సరముల క్రితము డెబ్బది దాటిన ఆ తండ్రి రహదారి దాటబోయి పడినాడు. తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినది. నడక వచ్చినది, కాని కొడుకు గుండెలో భయము పోలేదు. ఆ రహదారిపై ప్రతిదినము బండి నడిపేవాడు కనుక, ఒక్క క్షణములో ఏమి జరుగుతుందో అతనికి అందరికన్న ఎక్కువ తెలుసు. తండ్రిని గడప దాటవద్దన్నాడు. మంచము నీడలో వేయించినాడు. టీవీ పెట్టించినాడు. సైకిలు కంటబడితే మనస్సు లాగుతుందని దానిని కొట్టములో చేర్చి, గోనెపట్టా కప్పి, తాడు కట్టినాడు. తండ్రి ఎదురు చెప్పలేదు. క్రమముగా ఏమీ చెప్పడము మానివేసినాడు. అడిగితే తింటాడు, అడిగితే పడుకుంటాడు. ఇంటికి వచ్చినవారు 'ఎంత బాగా చూసుకుంటున్నాడు' అని కొడుకును మెచ్చుకొనేవారు. ఆ మెచ్చుకోలులో అబద్ధము లేదు.

ఒక వేసవి సాయంకాలము, సైకిళ్ళ నడుమ పెట్టడానికి పాతగుడ్డలు చాలక, అతడు కొట్టములోకి వెళ్ళి గోనెపట్టా లాగినాడు. హ్యాండిల్ నిండా తుప్పు. గొలుసు ఒకే ముద్దగా బిగిసినది. టైర్లు నేలకు అంటుకున్నాయి. పైరేకు సందున కారిన వాననీటిని గోనె పీల్చుకొని, ఆరనీయకుండా, ఇనుమునకు హత్తి ఉంచినది. అతడు తిరిగి చూస్తే తండ్రి ఎప్పుడు లేచి వచ్చినాడో గుంజ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఖరాబైంది నాయినా," అన్నాడు కొడుకు.

"కాదా మరి? ఎండ తగలది, గాలి సోకది. గట్ల కప్పిపెడితే ఇనుమైనా ఉంటదా బిడ్డా," అన్నాడు తండ్రి.

తండ్రి మాట్లాడినది సైకిలును గురించి మాత్రమే. కొడుకు ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆలయములో ప్రతిదినము ఉదయము మొట్టమొదట జరిగే పని నిర్మాల్య విసర్జనము. నిన్న ఎంత భక్తితో అర్పించిన మాల అయినా, ఎంత విలువైన వస్త్రమైనా, ఈనాడు తీయకుండా అభిషేకము లేదు. సింహాచలములో వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతా చందనము కింద దర్శనమిస్తాడు. అటువంటి స్వామికి కూడా వైశాఖ శుద్ధ తదియనాడు చందనము ఒలిచి నిజరూపదర్శనము కల్పిస్తారు. ఆ పిమ్మట తిరిగి చందనము సమర్పిస్తారు. కప్పడములో ఎంత శ్రద్ధ ఉన్నదో, ఒలవడములోనూ అంతే శ్రద్ధ. ఆచారము ఆవరణమును ఎన్నడూ నిందించలేదు. దానికి ఒక కాలము నియమించినది, అంతే. ప్రేమతో కప్పినవారికి ఈ కాలనియమము తరచుగా జ్ఞప్తికి రాదు. ద్వేషముతో కప్పితే ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు, ప్రేమతో కప్పినప్పుడు ప్రశ్నించేవారు ఉండరు. కప్పబడినవారు కూడా మౌనము వహిస్తారు.

శామీర్‌పేటలో సైకిళ్ళు బాగుచేసే ఒక వృద్ధుడు గొలుసు, టైర్లు, బ్రేకు కట్టెలు మార్చి, తుప్పు గీకి, నూనె పెట్టి ఇచ్చినాడు. తరువాతి ఆదివారము బండిలోకి ఏడవ సైకిలు ఎక్కినది. లక్షల విలువచేసే తేలిక చట్రముల పక్కన ఆ బరువైన ఇనుపసైకిలును చూసి పరిశోధకులలో ఒకాయన తటపటాయించినాడు.

"అన్నా, ఇది కదిలితే మా ఫ్రేములకు తగలదా?"

"తగలనియ్య సార్. నాది పూచీ," అన్నాడు చోదకుడు.

అట్లాస్‌ను అన్నిటికన్న వెనుక, డాలా వైపు నిలబెట్టి, రెండు పక్కల తాడు బిగించి, దానికీ పక్క సైకిలుకూ నడుమ మందముగా ఒక గుడ్డ పెట్టినాడు. అది ఉతికి, ఎండబెట్టి, నాలుగు మడతలు వేసిన ఆ పాత గోనెపట్టాయే. తండ్రి ముందుభాగమున కిటికీ పక్కన కూర్చున్నాడు. మేడ్చల్ దాటేవరకు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఒకప్పుడు పాలు పోసిన ఇండ్లలో ఎవరు డబ్బు సకాలములో ఇచ్చేవారో, ఎవరు ఇచ్చేవారు కారో వరుసగా చెప్పడము మొదలుపెట్టినాడు. కొల్లూరు వచ్చినా ఆ వరుస ముగియలేదు.

అక్కడ కొడుకు తాడిపత్రి విప్పి, అందరి సైకిళ్ళు దింపి, చివరకు అట్లాస్‌ను దింపినాడు. తండ్రి దానిని ఎక్కలేదు. తుంటి అందుకు ఒప్పదని ఇద్దరికీ తెలుసు. హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకొని, దానిని నడిపిస్తూ, దాని మీద కొంత బరువు ఆన్చి, మార్గము అంచున నడిచినాడు. కొడుకు చేయి పట్టుకోబోయి, ఆగి, పది అడుగుల వెనుక నడిచినాడు. ఆ పది అడుగుల దూరము అతనికి ఆనాటి తపస్సు.

ఆ మార్గముపై కూడా కప్పు ఉన్నది. కాని అది ఎవరినీ మూసిపెట్టదు. పక్కల గాలి ఆడుతుంది, వెలుతురు వస్తుంది, కింద నడిచేవారు నడుస్తూనే ఉంటారు. అడ్డుకున్న ఎండను వృథా చేయక విద్యుత్తుగా మారుస్తుంది, ఆ ఫలకముల సామర్థ్యము 16 మెగావాట్లు. రక్షణ అనేది ఎట్లా ఉండవలెనో పెద్దలు, పిల్లలు కలిసి ఉన్న ప్రతి ఇంటివారు ఆ కప్పు కింద కొంతసేపు నిలబడి ఆలోచించవచ్చు. బిడ్డను పరీక్షల భయముతో కప్పే తల్లిదండ్రులైనా, వృద్ధులను ప్రమాదభయముతో కప్పే సంతానమైనా ఒక ప్రశ్న వేసుకొనవలెను. ఈ ఆవరణము ప్రయాణము కొరకా, నిలువ కొరకా? ప్రయాణము కొరకైతే దింపవలసిన చోటు ఒకటి ఉంటుంది. నిలువ కొరకైతే లోపల తుప్పు మొదలై ఉంటుంది. కప్పిన చేతికే విప్పే బాధ్యత కూడా ఉన్నది, ఎందుకంటే ముడి ఎక్కడ వేసినదీ ఆ చేతికే తెలుసు.

భయము పోయినదా అంటే, పోలేదు. తండ్రి గడప దాటిన ప్రతిసారి కొడుకు తల తిప్పి చూస్తూనే ఉన్నాడు. కాని ఇప్పుడు అట్లాస్ కొట్టములో ఏ ముసుగూ లేకుండా గోడకు ఆని నిలబడి ఉంటుంది. ఆదివారము తెల్లవారుజామున, కొడుకు సైకిళ్ళ ముందుచక్రములు తీస్తూ ఉంటే, తండ్రి అరుగుపై కూర్చుని తాడిపత్రి లోపలి ముఖమును తడిగుడ్డతో తుడుస్తాడు. మట్టి ఎక్కడ మిగిలినదో చేతితో తడిమి చూసి, "అయింది, ఇగ కప్పు" అంటాడు. ఆ మాట వచ్చేవరకు కొడుకు తాడు ముట్టడు.

స్వస్తి.