మా హాస్టల్ డప్పు బృందం

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా డప్పు బృందమే. 2003లో, ఎనిమిదో తరగతిలో ఉండగా అందులో చేరాను. పాతబస్తీలోని మా హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు అరగంట ఖాళీ దొరికేది. మేం తొమ్మిది మందిమి, ఉన్న డప్పులు నాలుగు. డప్పు అందనివాళ్లం అన్నం పళ్లేలు బోర్లించి పుల్లలతో వాయించేవాళ్లం. డిగ్రీ చదివే ఒక అన్న వచ్చి నేర్పేవాడు.

డప్పు అంటే గట్టిగా బాదడమే అనుకుంటారు చాలామంది. చెక్క చట్రానికి చింతగింజల జిగురుతో మేకతోలు అతికించి డప్పు చేస్తారు. దాన్ని ఎడమ భుజానికి తగిలించుకోవాలి. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల ఉంటాయి. చిర్ర దరువును నడిపిస్తే, సిటికెన పుల్ల దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు నింపుతుంది. చెమ్మ తగిలితే తోలు వదులై డప్పు మూగబోతుంది. మంట దగ్గర కాపితే బిగిసి ఖంగుమంటుంది. ఆషాఢ బోనాలు వానల్లోనే వస్తాయి కనుక కాపడం రానివాడికి వాయించడం కూడా రానట్టే.

మాకు పెద్ద బడి లాల్ దర్వాజ వీధులే. 1908 మూసీ వరదల కాలంలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అక్కడి సింహవాహిని అమ్మవారికి పూజలు చేయించాడని పెద్దలు చెప్పుకుంటారు. బోనాల ఆదివారం పోతరాజుల ముందు నడిచే బృందాల వెంట తిరిగి, విన్న దరువులు హాస్టల్‌కు వచ్చి పట్టుకునేవాళ్లం. అదే పాతబస్తీలో పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా వినేవాళ్లం. నిజాం సైన్యంలో చేరడానికి ఆఫ్రికా నుంచి, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన వాద్యం అది. వాళ్ల బ్యారక్స్ ఉన్నచోటే ఈనాటి బార్కస్. మర్ఫా మోగినా, తీన్‌మార్ మోగినా మా కాళ్లు ఒక్కలాగే ఆడేవి.

బృందంలో మాదిగ, మాల పిల్లలతో పాటు ఇద్దరు బీసీ పిల్లలు కూడా ఉండేవారు. వాళ్లకు అదొక సరదా. నాకు అలా కాదు. మా ఊళ్లో చావుకు, చాటింపుకు మా నాయిన డప్పు కొట్టాల్సిందే. జ్వరమున్నా, పొలం పనున్నా రానంటే కుదరదు. నా కొడుకు చేతికి డప్పు రావద్దని నన్ను హాస్టల్లో వేశాడు.

ఒక ఆదివారం నాయిన నన్ను చూడటానికి వచ్చేసరికి మేం వాయిస్తున్నాం. గేటు దగ్గరే నిలబడిపోయాడు. దగ్గరికి పోతే ఒక్కటే మాట అడిగాడు:

"ఎవరు కొట్టమన్నరు బిడ్డా?"

"ఎవరనలే నాయినా. నేనే నేర్చుకుంటున్న."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా భుజం మీది డప్పు తీసుకొని తోలు మీద వేలితో మీటి, "ఇంకింత కాగాలె" అన్నాడు. కాగితాలు పోగేసి మంట పెట్టాం. ఆయనే కాపి, ఒక దరువు వాయించి చూపాడు. అందరికంటే ముందు దాన్ని పట్టుకున్నది బృందంలోని ఒక బీసీ అబ్బాయి. "మల్లొక్కసారి కొట్టు పెదనాయినా" అని వాడు అడిగితే నాయిన నవ్వాడు. డప్పు పట్టుకున్నప్పుడు ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఒకరు కొట్టమంటే కొట్టింది వెట్టి. మనం నేర్చుకొని వాయిస్తే అది విద్య. వాద్యం ఒకటే, తేడా అంతా ఎవరి ఇష్టం మీద మోగుతుందన్న దాంట్లోనే ఉంది. నాయిన ప్రశ్న నాకు ఈ సంగతి నేర్పింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చదువు తర్వాతే ఏదైనా. కానీ ఆ అరగంటను వదులుకోకండి. డప్పును చెమ్మ గోడకు ఆనించకండి. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పెద్దల దగ్గర ఒక్కో దరువు నేర్చుకొని రండి. వాళ్లకు తెలిసినవన్నీ మనకింకా రావు.

జై భీమ్.