కళ్ళెము తీసిన గుర్రము

2014లో మేము పాడేరు మన్యములో సేవలో ఉన్నాము. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. బస్సు దిగిన చోటనే రోడ్డు అయిపోయేది. అక్కడినుండి కొండమీది గ్రామములకు బియ్యపు బస్తాలు గుర్రములమీదనే వెళ్ళేవి. మేమును ఒక గుర్రమును కొని రాజు అని పేరు పెట్టాము. పేరుకు తగినట్లే అది ఎవరి మాటా వినేది కాదు.

అది పరుగందుకుంటే మేము రెండు పగ్గములూ బిగించి వెనుకకు లాగేవారము. ఎంత లాగితే అంత మెడ చాచి ముందుకు పోయేది. ఇంకా గట్టి కళ్ళెము కొనాలని అనుకొనుచుండగా, ఒక సాయంత్రము మా పెద్దబ్బాయి దాని నోరు తెరచి, "నాన్నగారూ, ఒకసారి ఇటు చూడండి" అన్నాడు. వాడు మాతో మాట్లాడి అప్పటికి నెల దాటినది. పరీక్ష తప్పినందుకు పదిమంది ఎదుట మేమన్న మాటలు అట్టివి.

గుర్రమునకు ముందు పళ్ళకును దవడ పళ్ళకును మధ్య పళ్ళు లేని చోటు ఉంటుంది. కళ్ళెపు ఇనుము ఆనేది అక్కడే. ఎముకమీద పలుచని చిగురు తప్ప అక్కడ మరేమీ లేదు. ఆ చిగురు చీలి పుండైయున్నది. అది నొప్పికి పరుగెత్తుచున్నదనియు, ఆ నొప్పి మా చేతినుండే వచ్చినదనియు గ్రహించాము.

పుండు మానేవరకు ఎక్కలేదు. తరువాత ఇనుము లేకుండ మెత్తని నూలుతాడుతో ముక్కుపట్టీ అల్లి, ఇరుప్రక్కల పగ్గములు కట్టాము. గుర్రమునకు ముక్కే ఊపిరి దారి, నోటితో పీల్చుట దానికి చేతకాదు. గనుక పట్టీ మెత్తని భాగముమీదికి జారక, పైన గట్టి ఎముకమీదనే ఉండాలి. లోపల రెండు వేళ్ళు దూరాలి. తాడైనను ఎడతెగక లాగితే పుండు పడుతుంది.

రెండు వారములు పశువుల దొడ్డిలోనే నేర్పించాము. ఆపవలసినప్పుడు ఒక్క పగ్గమునే మెల్లగా ప్రక్కకు తీయాలి. తల తిరిగితే వెనుక కాళ్ళు ప్రక్కకు పడి, ముందుకు తోసే బలము తగ్గుతుంది. అది లోబడిన క్షణమే పగ్గము వదలాలి. ఆ వదలుటయే మాకు కష్టమైనది. "ఇప్పుడు వదలండి నాన్నగారూ" అని అబ్బాయి గుర్తుచేసేవాడు.

ఫిలిప్పు రాజు పనికిరాదని త్రోసివేసిన గుర్రము తన నీడకే బెదరుచున్నదని కనిపెట్టినవాడు అతని కుమారుడు అలెగ్జాండరని ప్లూటార్కు వ్రాశాడు. మా ఇంటను అట్లే జరిగినది.

ఒకనాడు కొండదారిలో అడవికోడి లేచి రాజు బెదరినది. అలవాటుగా రెండు చేతులు బిగియబోయి, ఆగి, ఒక్క పగ్గమే తీశాము. అది చుట్టు తిరిగి నిలిచినది.

యాకోబు పత్రిక 3వ అధ్యాయముమీద ఎన్నిసార్లు ప్రసంగించామో! అక్కడ గుర్రపు కళ్ళెము మాట వచ్చినది మన నాలుకను గూర్చియే. ఆ రాత్రి అబ్బాయిని పిలిచి, పదిమందిలో అన్న మాటలకు క్షమించుమని అడిగాము. వాడేమీ అనలేదు. తెల్లవారి మేము లేచేసరికి, రాజుకు ముక్కుపట్టీ కట్టి వాకిట నిలిపియుంచాడు.