ఒక్కరేనాండీ?

కోనసీమ ఒక దీవి. ఓ పక్క గౌతమి, మరో పక్క వశిష్ఠ, దక్షిణాన సముద్రం. వంతెనో, బ్యారేజీయో, రేవో దాటితే తప్ప లోపల అడుగు పెట్టలేం. అమలాపురానికి ఇప్పటికీ రైలు రాలేదు. వచ్చేవాళ్లలో చాలామంది చుట్టాలింటికే వస్తారు. పండక్కొచ్చిన అల్లుడికి ఇక్కడ జరిగే మర్యాద గురించి చెప్పక్కర్లేదు. మరి చుట్టమంటూ ఎవరూ లేని మనిషి, అందులోనూ ఒంటరిగా వస్తే?

దారులు రెండు కొసల్లో ఉన్నాయి. దిండిలో వశిష్ఠ ఒడ్డున రిసార్టులున్నాయి. కొబ్బరితోటల మధ్య హాయిగా ఉంటుంది. కానీ అక్కడ గది ధర ఇద్దరిని లెక్కేసి పెట్టింది. ఒక్కరు దిగినా బిల్లు తగ్గదు. రెండో కొసన అంతర్వేది, అప్పనపల్లి లాంటి క్షేత్రాల్లో సత్రాలు. చవకే, కానీ ఉత్సవాల రోజుల్లో వాటిలో చోటు దొరకడం కష్టం. మధ్యతరగతి జేబుకు సరిపడేవి అమలాపురం, రావులపాలెం, రాజోలు ఊళ్లలోని లాడ్జీలు.

హైదరాబాదు నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన ఓ బ్యాంకు ఉద్యోగిని అలాంటి లాడ్జీకే వెళ్లింది. చేతిలో ఆధార్, పర్సులో డబ్బు ఉన్నాయి. గుమస్తా తాళంచెవి తీయబోయి ఆగాడు. ‘‘ఒక్కరేనాండీ? మగవాళ్లెవరూ రాలేదా?’’ లేదంది. గదులు ఖాళీ లేవన్నాడు. గోడకు తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. రెండోచోట ఇంటికి ఫోన్ చేయించి, వాళ్లమ్మతో మాట్లాడాకే గది ఇచ్చారు. నలభై ఏళ్ల మనిషికి పూచీ పడటానికి డెబ్భై ఏళ్ల తల్లి కావాల్సి వచ్చింది!

లాడ్జీవాళ్ల భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే పోలీసులు, సాక్ష్యాలు, ఊళ్లో చెడ్డపేరు. అందుకే మగవాళ్లనూ ఒంటరిగా వస్తే ఎగాదిగా చూస్తారు. అయితే గుర్తింపు కార్డు చూపించిన మనిషికి ఒంటరి అన్న కారణంతో గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

కాబట్టి బయల్దేరేముందే ఫోన్ చేసి ‘ఒక్కరమే’ అని చెప్పేయడం మేలు. చీకటి పడకముందే ఊరు చేరాలి. రాజమండ్రిలో రైలు దిగితే రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురానికి బస్సులున్నాయి. బస అక్కడే పెట్టుకుంటే అయినవిల్లి, ముమ్మిడివరం, ముక్తేశ్వరం చూసి రాత్రికి తిరిగి రావచ్చు. అంతర్వేది, దిండి చూడాలనుకుంటే రాజోలు దగ్గర. సంక్రాంతికి, ముఖ్యంగా జగ్గన్నతోట ప్రభల తీర్థం జరిగే కనుమనాడు, అలాగే భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణమప్పుడు గది ముందే మాట్లాడుకోవాలి. బిల్లు కూడా చూసుకోవాలి. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదిపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇదంతా డొక్కా సీతమ్మ (1841-1909) పుట్టి పెరిగిన గోదావరి సీమలో చెప్పుకోవాల్సి రావడమే చిత్రం. లంకల గన్నవరంలో ఆ తల్లి గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. అప్పటి బాటసారికి ఆకలే గుర్తింపు కార్డు. ఆమె పేరు ఇప్పుడు అక్విడక్టుకు ఉంది, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఉంది.

ఆ మంచితనం పోయిందనుకోనక్కర్లేదు. అదే ఊళ్లో రాత్రి మెస్సుకెళ్లి కూర్చుంటే వడ్డించే పెద్దావిడా అదే మాట అడుగుతుంది, ‘‘ఒక్కరేనాండీ?’’ అని. ఆపైన ఇంకో గరిటె పప్పు వేసి, నెయ్యి గిన్నె దగ్గరకు జరుపుతుంది. లాడ్జీ బల్ల దగ్గర కూడా ఆ ప్రశ్న అలాగే వినపడిన రోజు, కోనసీమకు రావడానికి చుట్టరికం అక్కర్లేదు.