ఎలుకలకు అన్నం పెట్టింది నేనే!

ఎలుకల మీద రాస్తున్నానంటే మా అమ్మాయి ఫోన్లో ఒకటే నవ్వు. "ఏ సకినాల గురించో సర్వపిండి గురించో రాయరాదమ్మా!" అంది. ఎందుకు రాయను? కానీ సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా మూత తెల్లారేసరికి ఎలుకలు కొరికేస్తే, ఎంత బాగా చేశానో రాసి ఏం లాభం చెప్పండి?

మాది వేములవాడ. ఊరి చివర, మూలవాగు వైపు ఇల్లు. 1988లో నేను కోడలిగా వచ్చినప్పుడు గూనపెంకుటిల్లు. తర్వాత స్లాబు వేసుకున్నాం. వెనక రెండు గదులు కట్టి రాజన్న దర్శనానికి వచ్చేవాళ్ళకు కిరాయికిస్తున్నాం. సోమవారాలు, శివరాత్రి, మేడారం జాతరకు ముందు రోజులు ఊపిరాడదు. వచ్చినవాళ్ళు ధర్మగుండంలో స్నానం చేసి, కోడె మొక్కు చెల్లించి, మా పెరట్లోనే పొయ్యి పెట్టి వండుకుంటారు. నాలుగు డబ్బులు కళ్ళజూస్తున్నామని సంతోషించేదాన్నే గానీ, వాళ్ళ వెనకాల ఇంకెవరు భోంచేస్తున్నారో ఏనాడూ చూసుకోలేదు.

మా అత్తమ్మకు ఎలుకను చంపడం సుతరామూ ఇష్టం ఉండేది కాదు. వినాయకుడి వాహనం కదా! బియ్యం బస్తాకు చిల్లు పడిందని నేను మొత్తుకుంటే, "దాని కడుపుకు అది తింటాంది బిడ్డా, ఏమన్నది నిన్ను?" అనేది. ఉతికి మడత పెట్టిన పట్టుచీర అంచు కొరికినప్పుడు కూడా అదే మాట. చీర నాది కాబట్టి సరిపోయింది! పిల్లిని తెచ్చాం. అది పాలన్నం తిని, అత్తమ్మ ఒడిలో పడుకుని, ఎలుకలు తిరిగే చప్పుడు వింటూ నిద్రపోయేది.

2017లో బతుకమ్మ పండుగకు అమ్మాయి మూడేళ్ళ కొడుకును తీసుకుని వచ్చింది. మా వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజే చేసుకుంటాం. అందుకని ఇక్కడ ఆడి, మళ్ళీ తొమ్మిదో రోజుకు అత్తవారింటికి పోతుంది. ఇంట్లో మలీద ముద్దలు, సత్తుపిండి, పువ్వుల గంపలు. రాత్రయితే ఎలుకల పరుగులు. నాకు విసుగొచ్చింది. బజారుకు పోయి, ఎవరో చెప్పారని ఒక పేస్టు మందు తెచ్చి, టమాటా ముక్కకు పూసి గ్యాస్ బండ వెనక పెట్టాను. పిల్లవాడు అక్కడిదాకా ఎందుకు పోతాడులే అనుకున్నాను.

పొద్దున్నే వాడు ఆ ముక్కను చేత్తో పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "అమ్మమ్మా, టమాటా" అన్నాడు.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. నోట్లో పెట్టాడో లేదో తెలియదు. చేతులు, మూతి కడిగి, ఆ మందు ట్యూబు కూడా పట్టుకుని కరీంనగర్ ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరు ట్యూబు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. "ఇది పసుపు భాస్వరం. మొదటి రోజు, రెండో రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దీనికి విరుగుడు మందు లేదు. బాగానే ఉన్నాడని ఇంటికి తీసుకుపోకండి" అన్నారు. కొన్ని రకాల ఎలుకల మందులకు విటమిన్ కె ఇచ్చి బతికించవచ్చుననీ, ఏ మందో తెలియాలంటే డబ్బా వెంట తేవాల్సిందేననీ చెప్పారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో కూర్చున్నాం. రోజూ రక్తపరీక్షలు. రాజన్న దయ, పిల్లవాడు నోట్లో పెట్టలేదు. మా అమ్మాయి మాత్రం ఆ నాలుగు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక అత్తమ్మ ఒక్కటే అడిగింది. "ఎలుకకు పెట్టిన మందు ఎలుకకే పోతదని ఎవలు చెప్పిన్రు బిడ్డా నీకు?"

పిల్లవాడిని చూడటానికి సిరిసిల్ల నుంచి మా తమ్ముడు వచ్చాడు. వాడి సంగతి కాస్త చెప్పాలి. మావైపు నేతపనివాళ్ళు చాలామంది సూరత్, భివండి పోయినట్టే వాడూ చిన్నప్పుడే సూరత్ పోయి సాంచాల మీద పనిచేశాడు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చిందన్నప్పుడు లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మా తమ్ముడూ రైలెక్కి ఒక ట్రంకు పెట్టెతో ఇంటికొచ్చాడు. చుట్టుపక్కలవాళ్ళు వాడి దగ్గరికి రావాలంటేనే భయపడ్డారు. మా అమ్మ మాత్రం అన్నం కలిపి తన చేత్తో పెట్టింది. ఆ ప్లేగుకు యాభైమందికి పైగా పోయారు.

కొన్ని నెలలకు వాడు మళ్ళీ సూరత్ పోయాడు. 1995లో సూర్యదేవర రామచంద్రరావు గారని కొత్త మున్సిపల్ కమిషనర్ వచ్చారట. ఆయన చెత్త ఎత్తించారు, మోరీలు బాగుచేయించారు, చెత్త పారేసేవాళ్ళకు జరిమానాలు వేయించారు. పొద్దున్నే ఆఫీసర్లను వీధుల్లోకి పంపించారు. 1996కల్లా దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్‌ది రెండో స్థానమని ఒక సర్వేలో వచ్చింది.

అది కళ్ళారా చూసినవాడు కాబట్టి మా తమ్ముడు నన్ను తిట్టలేదు. చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకుని "దా అక్కా, నువ్వు ఎలుకలను దేవులాడకు, వాటి అన్నం దేవులాడు" అన్నాడు.

ఇద్దరం ఇంటిచుట్టూ తిరిగాం. ఏం చెప్పను, సిగ్గుతో చచ్చిపోయాను! కిరాయి గదుల వెనక మోరీలో అన్నం మెతుకులు, విస్తర్లు, కొబ్బరి చిప్పలు. గోడకు ఆనించిన కట్టెల మోపు కింద గడ్డితో చేసిన గూడు. మోరీ పక్కన పందికొక్కు తోడిన మట్టి కుప్ప. వంటింటి తూముకు జాలి లేదు. జామకొమ్మ మిద్దె మీదికి వంగి నిచ్చెనలా ఉంది. వెనక తలుపు కింద రెండు వేళ్ళ సందు. ఎలుక దూరడానికి అరంగుళం సందు చాలు, చిట్టెలుకకు పావంగుళం చాలునట. ఇన్నేళ్ళూ పక్కింటివాళ్ళ వల్లే ఎలుకలొస్తున్నాయని నేను గొడవపడ్డాను. అన్నం పెట్టింది మాత్రం నేనే!

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాం. ఖర్చు పెద్దగా కాలేదు. బొక్కల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూశాం. ఒట్టి గుడ్డలు, కాగితాలు కుక్కితే ఎలుక కొరికేస్తుంది. దాని ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకకుండా ఉండలేదు. తూములకు ఇనుప జాలి, తలుపు కింద రేకు పట్టీ కొట్టించాం. బియ్యం మూతగట్టి ఉన్న ఇనుప డ్రమ్ములోకి మారింది. బస్తాలు, కట్టెలు గోడకు జానెడు దూరంగా, ఎత్తు మీదికి చేరాయి. జామకొమ్మ కొట్టించాం. పిల్లికి రాత్రిపూట గిన్నెలో పాలన్నం మిగల్చడం మానేశాం. గదులకు వచ్చేవాళ్ళకు మూత ఉన్న డబ్బా ఇచ్చి, "మిగిలిన అన్నం ఇందులో వెయ్యండమ్మా" అని చెబుతున్నాం. అది పొద్దున మున్సిపాలిటీ ఆటోకు పోతుంది.

లోపల మిగిలిన వాటికి బోను పెట్టాం. దీనికీ ఓ కిటుకుంది. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకని రెండు మూడు రోజులు బోనును ఊరికే తెరిచి ఉంచి, తిండి తిననివ్వాలి. తర్వాత బిగించాలి. గది మధ్యలో కాదు, గోడ వెంబడి పెట్టాలి. అది గోడకు రాసుకునే పరుగెత్తుతుంది. ఎరకు కాల్చిన ఎండుకొబ్బరి ముక్క మంచిదే. మా ఇంట్లో మాత్రం సకినం ముక్కకే ఎక్కువ పడ్డాయి. ఆ మెచ్చుకోలు చాలు నాకు!

ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ము మన ముక్కులోకే వస్తుంది. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు చల్లి, కాసేపాగి, తడిగుడ్డతో తీసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళతో ఎలుక జ్వరం వస్తుంది. వానాకాలం కాలికి పుండు ఉంటే మోరీ నీళ్ళలో తొక్కకండి.

ఇదంతా చేసినా మొదట్లో మా వాడకట్టులో మేమొక్కరమే చేశాం. మా దగ్గర తిండి దొరక్క అవి పక్కింటికి పోయాయి. ఆ వదినె కొట్లాటకు వచ్చింది! అప్పుడు మహిళా సంఘం మీటింగులో నా తప్పు నేనే చెప్పుకున్నాను, టమాటా ముక్క సంగతి కూడా దాచలేదు. అందరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరు లేచి, తమ ఇళ్ళల్లోనూ అలాంటి ట్యూబులున్నాయన్నారు. అందరం ఒకే ఆదివారం మోరీలు తీయించి, బొక్కలు మూసుకున్నాం. ఎలుక మూడు వారాల్లో ఈని, ఒక్క ఈతలో ఆరేడు పిల్లల్ని పెడుతుంది. ఒక ఇల్లు ఊరుకుంటే మిగతా పదిళ్ళ పనీ వృథాయే.

ఎలుకలు పూర్తిగా పోయాయని అనను. వరికోతల కాలంలో పొలాల నుంచి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. అప్పుడు బోను తీస్తాం. మందు మాత్రం మళ్ళీ గడప దాటి లోపలికి రాలేదు. ఇంట్లో విషముంటే పిల్లలకే కాదు, కోపంలోనో బాధలోనో ఉన్న పెద్దవాళ్ళకూ ప్రమాదమే కదా.

అత్తమ్మ పోయి మూడేళ్ళయింది. మనవడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు బోనులో పడ్డ ఎలుకను చూసి "అమ్మమ్మా, దీన్నేం చేస్తావు?" అన్నాడు. ముందు దాని అన్నం ఎక్కడ దొరికిందో చూద్దాం పద అని వాడి చేతికి టార్చిలైటు ఇచ్చాను.

మీరూ ఇవాళ రాత్రి ఒక్కసారి టార్చి పట్టుకుని మీ ఇంటి చుట్టూ తిరిగి రండి. ఎలుక కనబడకపోయినా ఫర్వాలేదు, దాని విస్తరి కనబడుతుంది.