ప్రతి మాత్రకూ ఒక కారణం

ఫిఖ్హ్ సూత్రాలు బోధించేటప్పుడు 'ఇల్లత్' అనే పదం వద్ద విద్యార్థులను కాసేపు ఆపుతాను. అరబీలో ఆ పదానికి వ్యాధి అని ఒక అర్థం. ధర్మశాస్త్రంలో ఆదేశానికి ఆధారమైన కారణం అని మరొక అర్థం. కారణం ఉన్నంతవరకే ఆదేశం నిలుస్తుంది, కారణం తొలగితే ఆదేశమూ తొలగుతుంది. మందుల చీటీకి కూడా ఈ సూత్రమే వర్తిస్తుందని మా ఆపా విషయంలో చూశాను.

ఆపా షికాగోలో కుమారుని వద్ద ఉండేవారు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట నర్సింగ్ హోమ్‌లో చేరారు. మన వద్ద ఆ పేరు చిన్న ఆసుపత్రికి వాడతాము. అక్కడ అది వృద్ధులు దీర్ఘకాలం ఉండే సంరక్షణాలయం. మతిమరుపు వ్యాధి ఆమెకు అప్పటికే ఉంది. కొద్ది వారాలలోనే పగలంతా మగతలో ఉండసాగారు. నమాజు వేళకు కూడా కళ్లు తెరవలేకపోయేవారు.

"వయస్సు మీద పడింది అంటున్నారు మామూ" అని మేనల్లుడు ఫోనులో బాధపడ్డాడు. మందుల జాబితానూ, నిర్ధారించిన వ్యాధుల జాబితానూ అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడమన్నాను. మెట్‌ఫార్మిన్‌కు ఎదురుగా మధుమేహం ఉంది. ఆమ్లోడిపిన్‌కు ఎదురుగా రక్తపోటు ఉంది. క్వెటియాపిన్‌కు ఎదురుగా ఏదీ లేదు.

అది స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక వ్యాధులకు ఇచ్చే మందు. మతిమరుపు వ్యాధి గల వృద్ధులకు ఈ తరగతి మందులు వాడితే మరణ ప్రమాదం సుమారు 1.6 నుండి 1.7 రెట్లకు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. 1987లో అక్కడ నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ చట్టం వచ్చింది. అక్కడి నిబంధనల ప్రకారం తగిన కారణం లేని మందు ఇవ్వరాదు. ఫార్మసిస్టు నెలకొకసారైనా ప్రతి ఒక్కరి మందులనూ సమీక్షించాలి.

అయితే ఖాళీ గడిని నింపే వక్రమార్గం ఒకటి ఉంది. లేని వ్యాధిని రాయడం! ఈ మందుల వాడకాన్ని బట్టి సంరక్షణాలయాల నాణ్యతను లెక్కించేటప్పుడు స్కిజోఫ్రెనియా రోగులను మినహాయిస్తారు. ఆధారం లేకుండానే ఆ పేరు రాస్తున్నారన్న ఆందోళన పెరిగి, 2023 జనవరిలో ప్రభుత్వం తనిఖీలను ప్రకటించింది. తన మాట తాను చెప్పుకోలేని వృద్ధుల మీద అలా రాయడం అబద్ధపు సాక్ష్యమే.

మేనల్లుడు అక్కడి వైద్యుణ్ణి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ మందు ఏ వ్యాధికి?" రాత్రివేళ ఆమె కలవరపడి కేకలు వేస్తున్నందున మొదలుపెట్టారట. పరీక్షించగా ఆ కలవరానికి మూలం తుంటి నొప్పి అని తేలింది. నొప్పికి చికిత్స చేసి, ఆ మందును క్రమంగా తగ్గించి ఆపారు. ఆపాకు జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు. కానీ ఫజ్ర్ వేళకు మేలుకునేవారు, కుమారుణ్ణి పేరు పెట్టి పిలిచేవారు.

మన ఇళ్లలోనూ అమ్మానాన్నల మందుల సంచిలో పాత చీటీల మాత్రలు ఎన్నో మిగిలి ఉంటాయి. ఒక కాగితం తీసుకోండి. ఒకవైపు మందు పేరు, ఎదురుగా వ్యాధి పేరు, ఎవరు ఎప్పుడు రాశారన్నది రాయండి. ఎదురుగా ఏమీ రాయలేని మందును మీ అంతట మీరు ఆపకండి, కొన్ని మందులు హఠాత్తుగా మానితే హాని జరుగుతుంది. ఆ కాగితాన్ని వైద్యుని ముందుంచి, ప్రతి వరుస గురించీ అడగండి.